వేడినీళ్ళ వాకిలి

అంగారకోటలోకి వచ్చే దారులు చాలా ఉన్నాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. దాన్ని వేడినీళ్ళ వాకిలి అంటారు.

కొండంత ఎత్తున రెండు ఎర్రరాతి బురుజులు. వాటి మీద నోళ్ళు తెరుచుకున్న యాళి బొమ్మలు, ఆ నోళ్ళలోంచి జడపాయల్లా దిగజారే పొగ. తలుపులకు తాపిన ఇత్తడి పువ్వులు మసిబారి, చచ్చినవాళ్ళ కళ్ళలా మెరుపు లేకుండా ఉంటాయి. బురుజుల నడుమ మనిషి నిలువెత్తు రాగి కాగు. కింద చింతమొద్దులు నిప్పులు కక్కుతుంటే కాగులో నీళ్ళు సలసల మరుగుతుంటాయి. ఆ మంట ఆరిన రోజు లేదు.

ఆ దేశాన్ని ఏలే మంత్రగత్తె ధూమ్రకేశి పెట్టిన చట్టం అది. తన నేల దాటిపోయే ఏ గింజా ప్రాణంతో పోగూడదు. చుట్టుపక్కల రాజ్యాల్లోని మందుమొక్కలన్నిటినీ ఆమె ఎప్పుడో మాడ్చి మసి చేసింది. ఇప్పుడు ఏ రోగానికి ఆకు కావాలన్నా ఆమె గుమ్మం ముందే చెయ్యి చాచాలి. ఆమె ఇచ్చేదీ ఎండుటాకే. అందుకని ఉలవల మూటైనా, కొత్త పెళ్ళికూతురి ఒడిబియ్యమైనా, చంటిపిల్ల మొలతాడుకు కట్టిన గురివింద గింజైనా ఆ వాకిట్లో మరిగే నీళ్ళు తాగి తీరాల్సిందే. వాకిలి చుట్టూ గాలిలో ఎప్పుడూ ఉడికిన ఉలవల వాసన.

మిట్టమధ్యాహ్నపు ఎండలో బారులో నిలబడ్డ గాజులమ్మ ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఆమె గాజులమ్మ కాదు. వెన్నెలగిరి రాజు శరభపాలుడి చెల్లెలు హేమలేఖ. పక్కన గాజుల బుట్ట మోస్తున్న ముసలివాడు బుడ్డప్ప, ఆమె పుట్టిన నాటి నుంచీ ఆమెకు కాపలా. ధూమ్రకేశి శాపం తగిలి శరభపాలుడి పాదాల నుంచి రాతిపొలుసు పైకి పాకుతోంది. అది గుండెను చేరిన రోజు రాజు నిలువునా శిల. రాజవైద్యుడు చెప్పిన విరుగుడు ఒక్కటే, దీపతంగేడు. మనిషెత్తు పొద అది. దాని కొమ్మల కొసన పసుపుపచ్చని పూలగుత్తులు వెలిగించిన కుందుల్లా నిటారుగా నిలబడతాయి. ఆకును నిమ్మరసంతో నూరి పూస్తే పొలుసు ఊడిపోతుంది. ఎండుటాకు పనికిరాదు, దారిలో వాడిన ఆకూ పనికిరాదు. వేరూని బతుకుతున్న మొక్కను, లేతదైనా సరే, రోగి పక్కకు తెచ్చి అప్పటికప్పుడు తుంచాలి.

ఎవరో సన్యాసి జడలో దాచి తెచ్చిన గింజలు కొన్ని అంతకుముందే వెన్నెలగిరికి చేరాయి. తోటమాలులు వాటిని పాలలో నానబెట్టారు, పట్టుగుడ్డలో చుట్టారు, పుట్టమన్నులో పాతి పన్నీరు చల్లారు. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే గులకరాళ్ళలా వేసినవి వేసినట్టే ఉన్నాయి. పాత గింజలు, సారం పోయిందనుకున్నారు. అందుకే హేమలేఖ ఇంత దూరం వచ్చి, ధూమ్రకేశి తోటలోనే పొద మీద ఎండిన కాయలు ఒలిచింది. నల్లగా, నున్నగా, పలకలు తీరి ఉన్న ఆ గింజల్ని రాళ్ళు తాపినట్టు లక్క గాజులకు తాపి, రెండు చేతులకూ తొడుక్కుంది.

“తాతా, చేతులు వణుకుతున్నాయి,” అంది చిన్నగా.

“వణకనీలే అమ్మణ్ణీ. గాజులు గలగలమంటాయి, బేరం బాగుంటాది,” అన్నాడు బుడ్డప్ప పెదవులు కదపకుండా.

ముందున్న ముసలావిడ వంతు వచ్చింది. ఆమె కొంగులోని ఒడిబియ్యాన్ని జల్లెడ గరిటెలో పోసి కాగులో ముంచి తీశాడు వాకిలి అధికారి. అతని పేరు సంకటయ్య. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి కనుబొమలు రాలిపోయి, ముఖం ఉడికిన చామదుంపలా ఉంది.

“నా కూతురి ఒడిబియ్యం నాయనా,” అంది ముసలావిడ.

“అన్నం వండి ఇస్తున్నా కదమ్మా. ఇంటికెళ్ళి పప్పు పోసుకోవడమే,” అన్నాడు సంకటయ్య. భటులు నవ్వారు. తర్వాత అతని చూపు హేమలేఖ మీద పడింది. “ఏముంది బుట్టలో?”

“గాజులండీ.”

“గాజులు మొలవవులే. నడు.”

హేమలేఖ నడిచింది. ఇంకాస్త దూరంలో వాకిలి అవతలి వెలుగు, ఆ వెలుగులో కొండదారి. ఆ దారికి కాగు పక్కనుంచే పోవాలి. కాగు సెగ నిప్పుల గాలిలా ఒళ్ళంతా తాకింది. అప్పుడు గాని ఆమెకు తట్టలేదు, లక్క సెగకు కరుగుతుందని. వెన్నెలగిరి లక్కపనివాడికీ తట్టలేదు, బుడ్డప్పకూ తట్టలేదు. మణికట్టు మీద ఏదో మెత్తగా జారింది. రాతినేల మీద టప్పుమని చిన్న చప్పుడు.

ఆ చప్పుడుకు సంకటయ్య తల తిప్పాడు. వంగి, నేల మీది గింజను వేళ్ళతో ఎత్తి వెలుగుకు పట్టుకుని చూశాడు. భటుల నవ్వు ఆగిపోయింది.

“ఏమమ్మా గాజులమ్మా. ఈ రాయికి తొడిమ మచ్చ ఉందే,” అన్నాడు.

పక్కన బుడ్డప్ప చెయ్యి బుట్ట అడుగున దాచిన కత్తి వైపు పోతుండడం హేమలేఖకు తెలుస్తోంది. బురుజుల మీద ఎందరు విలుకాళ్ళున్నారో కూడా తెలుసు. ఆమె ముసలివాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

సంకటయ్య ఇద్దర్నీ చూసి నిట్టూర్చాడు. “చట్టం గింజను చంపమంది, మనిషిని కాదు. చేతులు నరికే పని పెట్టుకుంటే నాకు అన్నం సయించదు. తియ్యి గాజులు.”

గాజులన్నీ ఇత్తడి గిన్నెలో వేశాడు. ముంతతో కాగులోంచి మరిగే నీళ్ళు ముంచి పోశాడు. లక్క కరిగి ఎర్రగా తేలింది. గింజలు అడుక్కు దిగాయి. గిన్నె మీద మూత పెట్టి, దాని పక్కనే పీటేసుకుని కూర్చుని, తీరిగ్గా తాంబూలం చుట్టి నమిలాడు. అది అక్కడి ఆనవాయితీ. తాంబూలం పండేదాకా మూత తియ్యకూడదు. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే.

ఆ గిన్నెలో ఉడుకుతున్నది గింజలు కాదు, అన్న ప్రాణం. హేమలేఖ చూపు తిప్పుకోలేకపోయింది.

సంకటయ్య నోరు ఎర్రబడ్డాక మూత తీసి, నీళ్ళు వంచి, గింజల్ని గుడ్డలో మూటకట్టి ఆమె చేతిలో పెట్టాడు. లక్కముద్దను మాత్రం పక్కన దాచాడు. “నీ సొత్తు నీకు ఇవ్వకపోతే దొంగతనమవుతుంది. తీసుకుపోయి వేయించుకు తిను. ఇంకెప్పుడూ ఇటు రాకు.”

ఇద్దరూ కొండ దిగి ఏటి గట్టు చేరారు. అక్కడ రెల్లుపొదల్లో దాచిన పుట్టిని, బుట్టలాంటి గుండ్రటి పడవను, బయటికి లాగుతూ బుడ్డప్ప అన్నాడు: “ఆ మూట ఏట్లో పారేయి అమ్మణ్ణీ. పీనుగను మోసేదెందుకు?”

హేమలేఖ పారేద్దామనే చెయ్యి ఎత్తింది. అంతలో పైన కోట మీద భేరి మోగింది.

గింజల్ని దాచుకున్న ఏ వస్తువు వాకిట్లో దొరికినా సాయంత్రానికి రాణికి పంపాలన్నది అక్కడి మరో ఆనవాయితీ. ధూమ్రకేశికి ఒక విద్య ఉంది. ఏ వస్తువును కాల్చినా దాన్ని తొడుక్కున్నవాళ్ళ ముఖం ఆ పొగలో ఆమెకు కనబడుతుంది. ఆ పూట లక్కముద్ద నిప్పుల్లో పడింది. పొగలో వెన్నెలగిరి రాజకుమారి ముఖం లేచింది. చెల్లెలు చేతికి చిక్కితే అన్న మంచాన పడి ఉన్నా సరే, ఆమెను విడిపించుకోవడానికి వెన్నెలగిరి రాజముద్ర దానంతటదే రాణి గుమ్మానికి వస్తుంది.

యాళి నోళ్ళలోంచి బూడిదరంగు గద్దలు బుడబుడమని ఊడిపడ్డాయి. వాటి కళ్ళు నిప్పుకణికలు. అవి రెండిటికే మరిగినవి. రాణి పొగలో చూపించిన మనిషి ముఖానికి, దీపతంగేడు ఆకుకు. ఇతర రాజ్యాల్లో ఆ పొద ఎక్కడ మొలిచినా వెతికి పట్టింది ఆ గద్దలే. కనిపెట్టిన చోట అవి గుండ్రంగా తిరుగుతాయి, అంతే. మిగతా పని ధూమ్రకేశిది.

“పడుకో అమ్మణ్ణీ,” అని బుడ్డప్ప ఆమెను పుట్టిలోకి తోసి పైన ఈతాకు చాప కప్పాడు. కాటుకేరు నల్లటి నీళ్ళలో పుట్టి బొంగరంలా తిరుగుతూ రెల్లులో దూరింది. నెత్తిమీద రెక్కల చప్పుడు. రెల్లుపూలు రాలి చాప మీద పడుతున్నాయి. హేమలేఖ గుడ్డమూటను గుండెకు అదుముకుని, ఊపిరి గట్టిగా తీస్తే గద్దలకు వినబడుతుందేమోనని సగం సగం పీల్చింది. అలా ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

మర్నాడు పొద్దున ఆమె మూట విప్పింది. గింజలు మునుపటిలా లేవు. రెండింతలు ఉబ్బి, నలుపు విరిగి గోధుమరంగుకు తిరిగి, పెంకు ముడతలు పడింది.

“తాతా, ఇవి చచ్చినట్టు లేవు.”

బుడ్డప్ప తొంగి చూశాడు. “నానినాయిలే. నీళ్ళలో పడితే శవం గూడా ఉబ్బుతాది.”

ఆమె వాటిని మళ్ళీ తడిగుడ్డలోనే చుట్టి ఉంచింది. ఇంకో పొద్దు గడిచేసరికి ఒక గింజ అంచు చిట్లి, లోపలి నుంచి పాలపన్నులాంటి తెల్లటి మొన బయటికొచ్చింది. దాని పక్కది కూడా. ఆ పక్కది కూడా.

పాలకు లొంగని పెంకు, పన్నీటికి లొంగని పెంకు, మరిగే నీళ్ళకు వదులైంది. చంపుదామని పోసిన నీళ్ళే గింజను నిద్రలేపాయి. బుడ్డప్ప పడవలో చతికిలబడి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, గద్దలకు వినబడకుండా కడుపు పట్టుకుని నవ్వాడు. “ఆ సంకటయ్యకు దండం పెట్టాల అమ్మణ్ణీ. మన తోటమాలులు పట్టుగుడ్డలో జోకొట్టినారు. ఆయన చెంపమీద కొట్టి లేపినాడు.”

హేమలేఖకు నవ్వు రాలేదు. మెడలోని ముత్యం చేతిలోకి తీసుకుంది. వైద్యుడు కట్టి పంపిన ముత్యం అది. అన్న ఒంట్లో పొలుసు పాకినకొద్దీ అదీ కింది నుంచి బూడిదరంగుకు తిరుగుతుంది. ఇప్పటికి సగం తిరిగింది. అంటే నడుము దాకా వచ్చింది. నిన్నటిదాకా పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. భయం రెట్టింపైంది.

గట్టు మీది వెదురు బొంగుల్ని గిన్నెల్లా కోసి, అడుగున తూటు పొడిచి, ఒండ్రుమట్టి నింపి, ఒక్కో గింజను గోరు లోతున పెట్టింది. మొలకలు మెడలు వంచుకుని పైకి వచ్చాయి. తర్వాత తలలెత్తి రెండేసి దళసరి ఆకులు విప్పాయి. వాటిని చూసిన ప్రతిసారీ బుడ్డప్ప గుండె కరిగిపోయేది. ఆమె కునుకు తీసినప్పుడల్లా దోసిలితో నీళ్ళు పోసేవాడు. ఒకనాటి ఉదయం చూస్తే సగం మొక్కలు మొదట్లో దారంలా సన్నబడి, మట్టి మీద పడిపోయి ఉన్నాయి.

“ఎవరు పోశారు ఇన్ని నీళ్ళు?”

“దాహమైతాదేమోనని...”

“దాహం కాదు తాతా, కుళ్ళిపోయాయి. చూడు, వేలితో తాకితే ఊడి వస్తున్నాయి.” ఆమె గొంతు పెంచింది. జీవితంలో అతని మీద గొంతు పెంచడం అదే మొదలు. ముసలివాడు తల దించుకుని గడ్డం తుడుచుకున్నాడు. ఆ రోజంతా తెడ్డు దించలేదు.

మిగిలినవాటిలో ఒకదాన్ని నత్త తినేసింది. మరికొన్ని చాప చాటున వెలుగు లేక పాలిపోయి, పొడుగ్గా సాగి, గాలికి తలలు వాల్చి పోయాయి. ఎండ చూపించకపోతే ఆఖరివీ దక్కవు. ఎండలో పెడితే గద్దలు చూస్తాయి. హేమలేఖ పైకి చూసింది, మొక్కల్ని చూసింది. ఆకాశం శుభ్రంగా, నీలంగా, చెప్పలేనంత భయంకరంగా ఉంది.

ఏటి నడుమ ఒక ఇసుకమేట. వానలకు దాని మీద తగిరిస మొక్కలు ఒత్తుగా లేచాయి. తగిరిస ఆకూ దీపతంగేడు ఆకులాగే జంటలు జంటలుగా ఉంటుంది. మిగిలిన మూడు బొంగుల్నీ ఆ తగిరిస నడుమ ఇసుకలో అంచులదాకా పాతింది. పుట్టిని బోర్లించి దాని కింద ఇద్దరూ దాక్కున్నారు. పగలల్లా అలాగే, ఒంటి మీద ఇసుకపురుగులు పాకుతున్నా కదలకుండా, అంచు సందులోంచి మొక్కల్ని చూస్తూ.

మొక్కలు రంగు తిరిగాయి. కాడ గట్టిపడింది. అసలు ఆకు, ఆ తర్వాత ఇంకో ఆకు. బుడ్డప్ప చెవిలో గుసగుసలాడాడు: “పాపలు తేరుకుండారు అమ్మణ్ణీ.”

అప్పుడు ఇసుక మీద ఒక నీడ జారింది.

గద్ద ఒక్కటే. పైన రెండు చుట్లు తిరిగింది. ఏదో అనుమానం, ఏదో తికమక. చివరికి రెక్కలు ముడుచుకుని మేట మీద వాలి, కోడిపుంజులా నడవడం మొదలెట్టింది. ఒక తగిరిస ఆకు ముక్కుతో తుంచి ఉమ్మేసింది. ఇంకోటి తుంచి ఉమ్మేసింది. వరస పెట్టి అలా తుంచుకుంటూ వస్తోంది. దాని గోళ్ళు ఆనిన చోట తడి ఇసుక చుయ్యిమంటోంది.

బుడ్డప్ప దగ్గర వడిసెల ఉంది. విసరడానికి పుట్టి కింద చోటు లేదు. హేమలేఖ పళ్ళు కొట్టుకుంటున్నాయి. చప్పుడు కాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. గద్ద మొదటి బొంగు దగ్గరికొచ్చింది. తల పక్కకు వాల్చింది. నిప్పుకణిక లాంటి కన్ను ఒక్కసారి భగ్గుమంది.

హేమలేఖ చెయ్యి ఆమెను అడగలేదు. పుట్టి అంచు కిందనుంచి చాచి గద్ద కాలు పట్టేసుకుంది. అరచేతిలో మాంసం కాలిన వాసన. గద్ద కీచుమని లేవబోయింది. ఆమె వదల్లేదు. బుడ్డప్ప భుజంతో పుట్టిని ఎత్తి అవతల పడేసి తెడ్డుతో ఒక్కటిచ్చాడు. గద్ద కుండ పగిలినట్టు పగిలి పొగైపోయింది. ఆ పొగ చెదిరిపోలేదు. తాటిచెట్టంత ఎత్తుకు నిటారుగా లేచి నిలబడింది.

పెనుగులాటలో ఒక మొక్క కాలికింద నలిగిపోయింది. మిగిలింది రెండు. దూరాన కొండ అంచున గుంపుగా తిరుగుతున్న చుక్కలు ఆ పొగకంబం వైపు మళ్ళాయి.

హేమలేఖ కాలిన చెయ్యి నీళ్ళలో ముంచి, వెంటనే ఒక బొంగు తీసి గాజుల బుట్టలో పెట్టి బుడ్డప్ప తలకెత్తింది. “ఏటి దారి దగ్గర. అడవి దారి చాటు. నువ్వు అడవిలో పో. నేను పుట్టిలో పోతాను. గద్దలు నన్ను చూడనీ. చాప కప్పుకోను.”

“నా కొలువు నీకు అమ్మణ్ణీ. నిన్ను వదిలేసి యాడికి పోయేది?”

“నా కొలువు అన్నకు. నా బదులు నువ్వు చెయ్యి.”

“బొద్దింకను చూసి మంచమెక్కే పిల్లవు. గద్దల్ని పిలుస్తానంటాండావు.”

“ఇప్పుడూ భయమే తాతా. తొందరగా వెళ్ళు. ఏడుపు మొదలైతే నాకు ఆగదు.”

ముసలివాడు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, నడుం లోతు నీళ్ళలో అడవి గట్టుకు నడిచాడు. “నీళ్ళు ఎక్కువ పోయకు,” అని వెనకనుంచి అంది. అతను తిరిగి చూడకుండా తలూపాడు. చెట్లు అతన్ని మింగేశాయి.

కాటుకేరు అక్కడి నుంచి వేగం. రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ, సుళ్ళు తిరుగుతూ, పుట్టిని బంతిలా ఎగరేస్తోంది. హేమలేఖ మొక్కను కాళ్ళ మధ్య పెట్టుకుని, పైన చాప కప్పి, తన ముఖాన్ని మాత్రం ఎండకెత్తింది. కాసేపటికి నెత్తిమీద చక్రం ఏర్పడింది. ఒక గద్ద, పది గద్దలు, గుంపులు గుంపులు. వాటి నీడలు పుట్టిలో గిరగిర తిరుగుతున్నాయి. ఆమె వాటిని లెక్కపెట్టడం మానేసి తెడ్డు వేసింది.

రాళ్ళ మలుపు దాటేసరికి వెనకనుంచి ఇంకో పడవ దూసుకొచ్చింది. దానికి తెడ్లు లేవు. పాములాంటి పొగపాయ ఒకటి దాని ముక్కుకు చుట్టుకుని లాక్కొస్తోంది. లోపల ఒకే ఒక్క మనిషి, అంచులు రెండు చేతులా పట్టుకుని, తడిసిన పిల్లిలా ముడుచుకుని ఉన్నాడు. సంకటయ్య.

“ఆగు గాజులమ్మా. నాకు ఈత రాదు. నువ్వు మునిగావంటే నేనూ మునగాలి,” అని అరిచాడు. పడవ వచ్చి పుట్టికి ఆనింది. అతను తన పడవలోంచే పుట్టి అంచు పట్టేసుకున్నాడు. “నీ మొహం చూసినవాణ్ణి నేనే కదా, పోయి పట్టమంది ఆవిడ. వెనకే వస్తోంది. నువ్వు రాజుగారి చెల్లెలివని చెప్పి ఉంటే, ఆ లక్క నేనే తొక్కి పడేసేవాణ్ణి కదమ్మా. ఏంటది చాప కింద?”

ఆమె అడ్డం పడేలోగా చాప లాగాడు. చూశాడు. జంటలు జంటలుగా పచ్చటి ఆకులు, ఏటి గాలికి ఊగుతూ.

“ఏం మొక్కిది?”

“మీరు నీళ్ళు పోసిందే.”

సంకటయ్య ఒక వేలు చాచి ఆకును తాకి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. “మూత పెట్టానే. తాంబూలం పండేదాకా ఆగానే.”

“ఆ నీళ్ళకే లేచింది. మా వాళ్ళు పాలు పోసినా లేవలేదు.”

“మా నాన్న పోశాడు,” అన్నాడు అతను నెమ్మదిగా. “మా తాత పోశాడు. అందరికీ మూటలు కట్టి చేతికిచ్చాం. జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళమని కూడా చెప్పాం.” కనుబొమల్లేని ఆ ముఖం పాలిపోయింది. ఇంతసేపూ పుట్టిలో ఉన్న భయం ఒక్క గంతులో అతని పడవలోకి దూకింది. “ఏట్లో పారెయ్యి తల్లీ. ఇది మొలిచిన సంగతి తెలిస్తే ఆవిడ ముందు నన్నే కాగులో వేస్తుంది. ఆ తర్వాత నా పిల్లల్ని.”

“పారెయ్యను. మీరు ఆమెకు చూపించండి, లేదంటే దాచండి.”

“మధ్యలో ఇంకో దారి లేదా?”

“నాకైతే కనబడలేదు.”

ఎండ మసకబారింది. గద్దల చక్రం విడిపోయి దారి ఇచ్చింది. ముందుగా వెంట్రుకలు వచ్చాయి. ఏటికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరుచుకున్న నల్లటి పొగ వెంట్రుకలు, నీళ్ళను తడుముతూ, రాళ్ళను తడుముతూ. వాటి నడుమ, మబ్బులో పిడుగు పొదిగినట్టు, ఎర్రటి పట్టుచీరలో ధూమ్రకేశి. కెంపుల పాపటబిళ్ళ కింద ఆమె ముఖం పసిపిల్ల ముఖంలా నున్నగా ఉంది. అదే అన్నిటికంటే భయంకరం.

సంకటయ్య చెయ్యి ఎలా కదిలిందో హేమలేఖకు కనబడలేదు. మొక్క పుట్టిలో లేదు. అతని ఒళ్ళో కుప్పగా పోసిన తలపాగా ఉంది. దాని మీద రెండు చేతులు ఉన్నాయి.

“సంకటయ్యా,” అంది ధూమ్రకేశి. గొంతు తీయగా ఉంది. “ఇంత ఎండలో తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నావేం?”

సంకటయ్య తలపాగాను ఇంకాస్త ఒళ్ళోకి లాక్కున్నాడు. ఒక పొగపాయ పడవ అంచు ఎక్కి, అతని మోకాలి వైపు పాకింది.

హేమలేఖ లేచి నిలబడింది. పుట్టి ఊగింది. అయినా నిలబడింది. తల మీది గాజులమ్మ ముసుగు తీసి ఏట్లో పడేసింది.

“నేను తీయించాను. వెన్నెలగిరిలో రాజు చెల్లెలి ఎదుట తలగుడ్డతో ఎవరూ కూర్చోరు. నీ కొలువులో నేర్పలేదేమో, నేను నేర్పాను.”

ధూమ్రకేశి నవ్వింది. పొగపాయ సంకటయ్య మోకాలు వదిలి వెనక్కి మళ్ళి హేమలేఖ నడుమును చుట్టేసింది. మరో పాయ చేతుల్ని, మరో పాయ పాదాల్ని. చల్లగా, తడిబట్టలా, ఊపిరి అందనీయకుండా. పుట్టి కాళ్ళ కిందనుంచి జారిపోయింది. గద్దలు, ఏరు, రాళ్ళు అన్నీ కిందికి దిగిపోతున్నాయి. పడవను లాక్కొచ్చిన పొగ కూడా రాణి వెంటే పైకి వచ్చేసింది. తెడ్డు లేని ఆ పడవ ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు, వెన్నెలగిరి దిక్కుకు కొట్టుకుపోతోంది.

అంత ఎత్తు నుంచి హేమలేఖ తల తిప్పి చూసింది. సంకటయ్య కదలకుండా కూర్చుని ఉన్నాడు. తర్వాత ఒక చేత్తో ఒళ్ళోని తలపాగా పట్టుకుని, రెండో చెయ్యి ఏట్లో ముంచి పుడిసెడు నీళ్ళు తీశాడు. తాగడానికో, మొక్కకు పొయ్యడానికో తెలిసేలోగా పొగ ఆమె కళ్ళను కప్పేసింది.